ఒక్క పీపా తీర్పు: ఇండిపెండెంట్ బాట్లర్ల సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను రుచి చూసి అంచనా కట్టే విధానం

స్కాట్లండ్‌లో తయారయ్యే సింగిల్ మాల్ట్, అంటే మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) ఒకే డిస్టిలరీలో తీసిన విస్కీ, రెండు దారుల్లో సీసాకు చేరుతుంది. మొదటి దారి అందరికీ తెలిసిందే. డిస్టిలరీ యజమానులు తమ గిడ్డంగుల్లోని ఎన్నో పీపాలను కలిపి, నిరుడు కొన్న సీసాకూ ఈ ఏడు కొన్న సీసాకూ రుచిలో తేడా రాకుండా చూసి, తమ లేబుల్‌తో అమ్ముతారు. రెండోది ఇండిపెండెంట్ బాట్లర్ల దారి. వీళ్లు డిస్టిలరీల దగ్గరో దళారుల దగ్గరో పీపాలు కొని, తమకు సరైనదని తోచిన వయసులో తమ పేరుతో సీసాల్లో నింపుతారు. చాలాసార్లు ఆ సీసాలన్నీ ఒకే పీపా నుంచి వచ్చినవే. 1842లో అబర్డీన్‌లో మొదలై ఇప్పుడు క్యాంపెల్‌టౌన్ కేంద్రంగా నడుస్తున్న కేడెన్‌హెడ్స్, 1895లో ఎల్గిన్‌లో కిరాణా దుకాణంగా పుట్టిన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్, 1983లో ఎడిన్‌బరో రేవు ప్రాంతం లీత్‌లో మొదలైన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ, 1988 నాటి సిగ్నేటరీ వింటేజ్ ఈ దారిలో పెద్ద పేర్లు.

కాబట్టి బ్రాండును కొలిచే కొలబద్ద ఇక్కడ పనికిరాదు. బ్రాండు సీసాలో ఒక పీపా లోటును మరో పీపా పూడుస్తుంది. ఒంటరి పీపాకు ఆ ఆసరా లేదు. మనం తేల్చాల్సిన ప్రశ్నలు రెండు: ఈ పీపా తోడు లేకుండా నిలబడగలిగిందా? ఇందులో వినిపించేది డిస్టిలరీ గొంతా, చెక్క గొంతా? కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండు ప్రశ్నల కోసమే.

మొదటి అడుగు: మూత తీయకముందే లేబుల్‌ను లెక్క కట్టండి

ఇండిపెండెంట్ సీసా లేబుల్ మీద మామూలు సీసా చెప్పని వివరాలు ఉంటాయి: బట్టీలో తీసిన తేదీ, సీసాలో నింపిన తేదీ, పీపా రకం, పీపా నంబరు, వచ్చిన సీసాల సంఖ్య, ఆల్కహాల్ శాతం. వీటిని ఒకదానితో ఒకటి సరిచూడటం నేర్చుకుంటే సగం కథ సీసా తెరవకముందే తెలిసిపోతుంది.

బర్బన్ (అమెరికన్ విస్కీ) నింపిన అమెరికన్ బ్యారెల్‌లో సుమారు 200 లీటర్లు పడతాయి. హాగ్స్‌హెడ్‌లో 250, షెర్రీ (స్పెయిన్ ద్రాక్షసారా) పీపా అయిన బట్‌లో 500 లీటర్ల వరకు పడతాయి. స్కాట్లండ్ వాతావరణంలో ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. అంటే 250 లీటర్ల హాగ్స్‌హెడ్‌లో 12 ఏళ్ల తర్వాత సుమారు 196 లీటర్లు మిగులుతాయి. 700 మి.లీ. సీసాల్లో నింపితే 280 సీసాలు. ఇప్పుడు లేబుల్ మీద 12 ఏళ్లు, హాగ్స్‌హెడ్, పీపా బలం (నీళ్లు కలపకుండా పీపాలో ఉన్న ఆల్కహాల్ శాతంతోనే నింపినది) అని ఉండి, సీసాల సంఖ్య 600 అని కనిపిస్తే ఒక్క పీపా లెక్క కుదరదు. రెండు మూడు పీపాలు కలిసి ఉండాలి. అది తప్పేమీ కాదు, కానీ తెలిసి కొనడం మంచిది. అదే హాగ్స్‌హెడ్‌లో 57 శాతం ఉన్నదానిని 46 శాతానికి నీళ్లు కలిపి తగ్గిస్తే దాదాపు 347 సీసాలు వస్తాయి. సంఖ్య మరీ తక్కువగా, ఏ వందో ఉంటే పీపాను ఇద్దరు ముగ్గురు పంచుకుని ఉండవచ్చు, లేదా అది బాగా కారిపోయి ఉండవచ్చు.

ఆల్కహాల్ శాతం కూడా ఇలాగే ఆనవాళ్లు ఇస్తుంది. ఎక్కువ డిస్టిలరీలు పీపాలను 63.5 శాతం దగ్గర నింపుతాయి. స్కాట్లండ్ తేమలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ బలం మెల్లగా దిగుతుంది. సరిగ్గా 46 లేదా 50 అని గుండు అంకె కనిపిస్తే నీళ్లు కలిపి తగ్గించారని అనుకోవచ్చు. 57.3 వంటి అంకె ఉంటే పీపా బలమే కావచ్చు. చిన్న వయసులోనే శాతం బాగా పడిపోయిన పీపా కనిపిస్తే, చెక్క ఎక్కువగా దిగిందేమోనని వాసన చూసేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి.

పీపా వివరాల్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘ఫస్ట్ ఫిల్’ లేదా ‘రీఫిల్’. ఫస్ట్ ఫిల్ అంటే షెర్రీయో బర్బనో తీసేశాక మొదటిసారి స్కాచ్ నింపిన పీపా. అందులో చెక్క ప్రభావం గట్టిగా ఉంటుంది. రీఫిల్ పీపా అప్పటికే స్కాచ్‌ను చూసినది, నెమ్మదైనది. డిస్టిలరీ అసలు స్వభావం తెలుసుకోవాలంటే రీఫిల్ హాగ్స్‌హెడ్‌ను మించిన గురువు లేదు. ఇండిపెండెంట్ బాట్లర్లను నేను ఇష్టపడటానికి మొదటి కారణం వాళ్ల దగ్గర దొరికే ఈ సాదాసీదా రీఫిల్ పీపాలే.

‘ఫినిష్డ్’ అన్న మాట ఉంటే మాత్రం జాగ్రత్తగా చూడండి. పాత హాగ్స్‌హెడ్‌లో ఏళ్ల తరబడి ఉన్నదాన్ని చివర్లో కొన్ని నెలలు షెర్రీ వంటి వేరే పీపాలోకి మార్చారని దాని అర్థం. అలా చేసినవాటిలో అద్భుతమైనవీ ఉన్నాయి. నీరసించిన పీపాకు పూసిన రంగులూ ఉన్నాయి.

కొన్నిసార్లు డిస్టిలరీ పేరే ఉండదు. పేరు వాడుకునే హక్కు యజమానులు ఇవ్వకపోతే ‘సీక్రెట్ స్పేసైడ్’, ‘సీక్రెట్ ఆర్క్నీ’ అని రాస్తారు. మరికొందరు యజమానులు పీపా అమ్మేముందు అందులో మరో డిస్టిలరీ మాల్ట్ చెంచాడు కలుపుతారు. దాంతో చట్టం ప్రకారం అది సింగిల్ మాల్ట్ కాకుండా పోతుంది, బ్లెండెడ్ మాల్ట్ అవుతుంది. గ్లెన్‌ఫిడిచ్ ఇలా చెంచాడు బాల్వెనీతో కలిసి ‘వార్డ్‌హెడ్’గా, బాల్వెనీ చెంచాడు గ్లెన్‌ఫిడిచ్‌తో కలిసి ‘బర్న్‌సైడ్’గా బయటకు వస్తాయి. నాలుకకు ఆ చెంచా తేడా తెలియదు, తెలిసేది లేబుల్ చదివినవారికే.

రెండో అడుగు: గది, గ్లాసు, సమయం

స్కాట్లండ్ పుస్తకాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 18 నుంచి 20 డిగ్రీలు. విజయవాడలోనో వరంగల్‌లోనో మే నెల గది ఉష్ణోగ్రత వేరే లోకం. 33 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ ఆవిరి ముందుగా లేచి మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. ఏసీ గదిలో సీసానూ గ్లాసునూ ఒక గంట ఉంచి 20–22 డిగ్రీలకు తెచ్చుకోండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఐసు వేయవద్దు. చలికి వాసనలు ముడుచుకుపోతాయి.

వంటింట్లో పోపు వేస్తున్న వేళ, పూజగదిలో అగరువత్తి వెలిగిన వేళ ఈ పని పెట్టుకోకండి. సెంటు, చేతికి రాసుకునే క్రీము కూడా అడ్డమే. ఆవకాయ తిన్న గంట వరకు నోరు ఆల్కహాల్ మంటను రెట్టింపు చేసి చూపుతుంది. అందుకే భోజనానికి ముందు, కడుపులో ఏదో తేలికైనది పడ్డాక కూర్చోవడం మంచిది.

గ్లాసు అడుగున బొజ్జ, పైన ఇరుకు మూతి ఉండాలి. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇప్పుడు అంతటా దొరుకుతుంది. షెర్రీ తాగే చిన్న కాడ గ్లాసు అయితే నాకు ఇంకా ఇష్టం. వెడల్పు మూతి విస్కీ గ్లాసు ఈ పనికి అస్సలు పనికిరాదు. 20 మి.లీ. పోయండి, అంతకన్నా అక్కర్లేదు. పైన చిన్న పళ్లెం మూసి పది నిమిషాలు వదిలేయండి. మూడు నాలుగు రకాలు పోల్చే రోజున ఉమ్మేసే గిన్నె పక్కన పెట్టుకోవడం మర్యాద తక్కువ కాదు. వృత్తిగా చేసేవాళ్లు అలాగే చేస్తారు. తాగినవారు ఆ రోజు బండి తీయకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి చట్టబద్ధమైన వయసు 21.

మూడో అడుగు: రంగు చూడండి, నమ్మకండి

స్కాచ్ చట్టం సింగిల్ మాల్ట్‌లో సాదా కారమెల్ రంగు కలపడానికి అనుమతిస్తుంది. ఇండిపెండెంట్ బాట్లర్లు ఎక్కువగా కలపరు, ఆ మాట లేబుల్ మీద రాస్తారు కూడా. రీఫిల్ హాగ్స్‌హెడ్‌లో 20 ఏళ్లు గడిపిన విస్కీ గడ్డి రంగులో ఉండవచ్చు. ఫస్ట్ ఫిల్ షెర్రీ పీపాలో ఎనిమిదేళ్లకే చిక్కటి డికాక్షన్ రంగు రావచ్చు. ముదురు రంగు వయసుకు గుర్తు కాదు. గ్లాసు గోడల మీద జారే చారికలు బలాన్ని కొంత చెబుతాయి, నాణ్యతను చెప్పవు.

నాలుగో అడుగు: వాసన, అసలు పని ఇక్కడే

పీపా బలం అంటే చాలాసార్లు 55 నుంచి 60 శాతం ఆల్కహాల్. ద్రాక్షసారాలా గ్లాసును గిరగిర తిప్పి ముక్కు లోపలికి పెడితే పది నిమిషాలపాటు ముక్కు మొద్దుబారిపోతుంది. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. మెల్లగా పైకి తీసుకురండి. ఒకసారి ఎడమ ముక్కు రంధ్రం, ఒకసారి కుడి. ముక్కు అలసినప్పుడు మీ ముంజేతి చర్మాన్ని వాసన చూడండి. మనకు బాగా అలవాటైన వాసన కాబట్టి ముక్కు మళ్లీ దారిలో పడుతుంది.

ఇక ఏం వెతకాలి? నేను మూడు పొరలుగా విడదీస్తాను.

మొదటి పొర స్పిరిట్, అంటే బట్టీ నుంచి దిగిన సరుకు స్వభావం. పచ్చి ఆపిల్, బేరిపండు, అరటి, ధాన్యం, పచ్చగడ్డి వంటివి ఇక్కడివి. పులియబెట్టినప్పుడు పుట్టే ఎస్టర్లు ఈ పళ్ల వాసనలకు మూలం. డిస్టిలరీల సంతకాలు ఈ పొరలోనే దొరుకుతాయి. క్లైన్‌లీష్‌లో కొవ్వొత్తి మైనం గుర్తు వస్తుంది. మోర్ట్లాక్, బెన్‌రినెస్, క్రెయిగెల్లాకీల్లో ఆవిరిని పాత పద్ధతిలో, నీటి తొట్టెలో మునిగిన రాగి గొట్టపు చుట్టల గుండా పంపి చల్లబరుస్తారు. ఆవిరికి రాగితో పొత్తు తగ్గి గంధకం కొంత మిగులుతుంది. అందుకే వాటిలో మాంసపు పులుసు లాంటి బరువు ఉంటుంది.

రెండో పొర చెక్క. అమెరికన్ ఓక్ నుంచి వెనిల్లా, కొబ్బరి వస్తాయి. షెర్రీ పీపా నుంచి ఎండు ద్రాక్ష, ఖర్జూరం, వాల్‌నట్, నారింజ తొక్క. లవంగం వాసన కూడా చెక్కదే. అది పోలిక కోసం వాడే మాట కూడా కాదు. మన పోపుల డబ్బాలోని లవంగానికి వాసన ఇచ్చే యూజెనాల్ అణువే కాల్చిన ఓక్ నుంచి విస్కీలోకి దిగుతుంది.

మూడో పొర కాలం. పాత తోలు, పుస్తకాల అలమర, తేనె మైనం, మాగిన ఉష్ణదేశపు పళ్లు. ఇవి 20 ఏళ్లు దాటిన మంచి రీఫిల్ పీపాల్లో కనిపిస్తాయి. వీటిని త్వరగా తెచ్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

వాసనకు పేరు పెట్టేటప్పుడు స్కాట్లండ్ వాళ్ల రుచి పుస్తకాల్లోని హెదర్ పూలు, గూస్‌బెర్రీల కోసం వెతుక్కోకండి. ఎప్పుడూ వాసన చూడని పువ్వు పేరు రాయడం అబద్ధం రాయడమే. మామిడి తాండ్ర, తాటిబెల్లం, జున్ను, పనసతొన, నానబెట్టిన చింతపండు, సాంబ్రాణి, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు, తొలకరి తడిసిన మట్టి, కొత్త నోటుపుస్తకం. ఇవన్నీ మన ముక్కులో చిన్నప్పుడే చేరిన కచ్చితమైన కొలతలు. తెలుగు ముక్కుకు ‘తాటిబెల్లం’ అన్న ఒక్క మాట ‘డార్క్ షుగర్’ కన్నా పదిరెట్లు చెబుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో తోచింది కాగితం మీద రాయండి. పక్కవారు చెప్పేది విన్నాక ముక్కు వాళ్ల మాటే వింటుంది.

ఉదాహరణకు రీఫిల్ హాగ్స్‌హెడ్‌లో పెరిగిన కల్ ఈలాను తీసుకోండి. ఐలా దీవిలో అతిపెద్ద డిస్టిలరీ ఇది. దాని ఉత్పత్తిలో చాలా భాగం జానీ వాకర్ వంటి బ్లెండ్‌లకు పోతుంది, మిగిలిన పీపాలు ఎన్నో ఇండిపెండెంట్ బాట్లర్ల చేతికి వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అదే దీవిలోని లాగవూలిన్ డిస్టిలరీ కూడా పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే అదే మాల్ట్ తయారీ కేంద్రం నుంచి, దాదాపు అదే స్థాయిలో పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి కాల్చే మట్టి) పొగ పట్టించిన మాల్ట్ వాడుతుంది. అయినా కల్ ఈలా తేలికగా, నిమ్మతొక్కతో, ఉప్పుగాలితో ఉంటుంది. తేడా బట్టీ నడిపే తీరులో ఉంది. లేబుళ్ల మీద కనిపించే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) అంకె మాల్ట్‌లో ఉన్న ఫినాల్‌ను, అంటే పొగ వాసననిచ్చే పదార్థాన్ని చెబుతుంది, సీసాలోని విస్కీని కాదు. రీఫిల్ పీపాలో ఈ నిమ్మ, బూడిద, సముద్రం స్పష్టంగా విడివిడిగా వినిపించాలి. వెనిల్లా ముందుకొచ్చి నిమ్మను తోసేస్తే పీపా చురుకుగా ఉందన్నమాట.

ఐదో అడుగు: నోట్లో

మొదటి గుక్క తీర్పు కోసం కాదు, నోటిని సిద్ధం చేయడానికి. అర చెంచా తీసుకుని నాలుక అంతా తాకించి మింగండి. రెండో గుక్కను పది సెకన్లు నోట్లో ఉంచండి. తీపి నాలుక కొసకు, చేదు వెనక్కు అన్న పాత పటం తప్పని తేలిపోయింది. రుచి ఎక్కడైనా తెలుస్తుంది. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. వాసన చూసినప్పుడు దొరకనివి ఇప్పుడు వెనక దారిన వస్తాయి.

గమనించాల్సినవి: రాక, మధ్య, ముగింపు, చిక్కదనం. వాసనలో వాగ్దానం చేసినది నోట్లో నిలబెట్టుకుందా? ఒంటరి పీపాలు ఎక్కువగా తప్పేది మధ్యలోనే. ఘనంగా వచ్చి, నాలుక మధ్యలో ఖాళీ అయిపోయి, చివర్లో కేవలం వేడి మిగులుతుంది. మంటను బలం అనుకోకండి. 59 శాతంలోనూ మెత్తగా కూర్చునే పీపాలు ఉన్నాయి.

చివరి రుచి ఎంతసేపు నిలిచింది అన్నదాని కన్నా ఎలా నిలిచింది అన్నది ముఖ్యం. రెండు నిమిషాలు చెక్క చేదుతో నోరు ఎండిపోతే అది దీర్ఘమే, కానీ మంచిది కాదు.

ఆరో అడుగు: నీళ్లు

పీపా బలం విస్కీకి నీళ్లు కలపడం బలహీనత కాదు, పరీక్షలో భాగం. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపింది ఇదే: పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ 45 శాతం వరకు ద్రవం ఉపరితలం దగ్గర తేలుతుంది, 59 శాతం దాటితే ఆల్కహాల్ మధ్య లోపలికి కూరుకుపోతుంది. ఉపరితలం మీద ఉన్నదే ముక్కుకు చేరుతుంది.

లెక్క సులువు. పోసిన మి.లీ.ని ఉన్న శాతంతో గుణించి, కావాల్సిన శాతంతో భాగించండి. 20 మి.లీ. 58 శాతం విస్కీని 46కు తేవాలంటే మొత్తం సుమారు 25 మి.లీ. కావాలి, అంటే 5 మి.లీ. నీళ్లు. మందుల దుకాణంలో దొరికే సూది లేని సిరంజితో కొలవండి. ఒకేసారి పోయకండి. మిల్లీలీటరు కలిపి, రెండు నిమిషాలు ఆగి, వాసన చూసి, మళ్లీ. బోరు నీళ్లు అసలు వద్దు, వాటిలోని ఉప్పులు రుచిని చెడగొడతాయి. ఖనిజాలు తక్కువగా ఉన్న శుద్ధి చేసిన నీళ్లు చాలు.

నీళ్లు కలిపాక విస్కీ కొద్దిగా మసకబారితే సంతోషించండి. చలి వడపోత చేయలేదని, నూనె గుణమున్న పదార్థాలు అందులోనే ఉన్నాయని అర్థం. మంచి పీపా నీళ్లతో విచ్చుకుంటుంది. చెక్క ఎక్కువైన పీపా నీళ్లతో చేదు తేలుతుంది. విస్కీలు కలిపే నిపుణులైన బ్లెండర్లు పీపాల సరుకును 20 శాతానికి తగ్గించి వాసన చూస్తారు. లోపాలు అక్కడ దాక్కోలేవు. చివరి 5 మి.లీ.ని మీరూ అలా చేసి చూడండి.

ఏడో అడుగు: లోపమా, స్వభావమా

ఆర్పిన అగ్గిపుల్ల, రబ్బరు వాసన గంధకానిది. కొద్దిగా ఉండి అరగంటలో గాలికి తగ్గితే స్వభావం. షెర్రీ పీపాలను కాపాడటానికి గంధకం కాల్చిన ఆనవాలు గట్టిగా ఉండి తగ్గకపోతే లోపం. కొందరి ముక్కుకు గంధకం అసలు తెలియదు, కాబట్టి ఈ విషయంలో ఇంట్లో మరొకరిని అడగండి. తడి అట్టముక్క వాసన చెడిన బిరడాది, పీపా తప్పు కాదు. చెమట, పాత చీజ్ వాసనలు వస్తే బట్టీ నుంచి దిగే సరుకులో చివరి భాగాన్ని ఆలస్యంగా వేరు చేశారని అనుమానించవచ్చు. ఎక్కువసేపు మరిగిన టీ ఆకు వగరు ఉంటే పీపా నుంచి ఆలస్యంగా దించారు.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే లోపం వీటిలో ఏదీ కాదు. అది ఏమీ లేకపోవడం. పీపా మరీ అలసిపోయి, పదేళ్ల తర్వాత కూడా పచ్చి స్పిరిట్ వాసనే రావడం. అలాంటిది ఇతర పీపాలతో కలిపితే పనికొచ్చేది, ఒంటరిగా సీసాకెక్కించడం బాట్లర్ తీర్పులో పొరపాటు. ఆ బాట్లర్ తర్వాతి సీసా కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఎనిమిదో అడుగు: పక్కన పెట్టి చూడండి, తర్వాత మార్కులు

అదే డిస్టిలరీ వాళ్లు అమ్మే సీసా ఒకటి పక్కన ఉండాలి. కల్ ఈలాకైతే 43 శాతంలో వచ్చే 12 ఏళ్లది. రెండింటినీ ఒకే శాతానికి తెచ్చి, ఇంట్లో వారిని గ్లాసుల అడుగున గుర్తులు అంటించమని చెప్పి, ఏది ఏదో తెలియకుండా చూడండి. ధర, వయసు, మూతబడిన డిస్టిలరీ పేరు కళ్ల ముందు ఉంటే ముక్కు వాటికి సలాము చేస్తుంది. రెండుకు మించి గ్లాసులుంటే తక్కువ బలం నుంచి ఎక్కువకు, పొగ ఉన్నవి చివరికి.

మార్కులు వేయాలనుకుంటే వాసనకు, నోటికి, ముగింపుకు, పొందికకు 25 చొప్పున వేసే పద్ధతి చాలామంది వాడతారు. నేను పొందికను చివర వేస్తాను, అదీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు రాశాకే. స్పిరిట్‌నూ చెక్కనూ విడివిడిగా గుర్తుపట్టగలిగి, అయినా ఒకదాన్ని తీసేస్తే మరొకటి బోసిపోతుందని అనిపిస్తే పూర్తి మార్కులు. ధరకు మార్కుల్లో చోటు ఇవ్వవద్దు, దాన్ని వేరే వరుసలో రాసుకోండి.

ఖాళీ గ్లాసును కడగకుండా రాత్రంతా ఉంచి, పొద్దున్నే వాసన చూడండి. ఆల్కహాల్ పోయాక మిగిలేది పొగ, బెల్లం, చెక్క. నిన్న సందేహంగా వదిలేసిన పొర అక్కడ తేలిపోతుంది.

తొమ్మిదో అడుగు: సీసా మారుతుంది

అప్పుడే తెరిచిన సీసా మొదటి పెగ్గు బిగుసుకుని ఉంటుంది. కొన్ని వారాల తర్వాత, మట్టం భుజం దిగాక మళ్లీ చూడండి. నేను తుది అంకె వేసేది అప్పుడే. సీసాను నిలువుగా, వెలుతురు తగలకుండా, ఇంట్లో చల్లటి గోడ పక్కన అలమరలో పెట్టండి. పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. మన ఎండలకు మేడ మీది గది అస్సలు తగదు.

ఈ సీసా మళ్లీ దొరకదు, పీపా అయిపోయింది. అందుకని మూడో వంతు మిగిలినప్పుడే 60 మి.లీ. చిన్న గాజుసీసాలోకి అంచు దాకా నింపి, పీపా నంబరు, తేదీ, మీ మార్కు రాసి అంటించండి. అదే డిస్టిలరీ నుంచి మరో పీపా మీ చేతికి వచ్చిన రోజున ఆ రెండింటినీ పక్కపక్కన పోసి, నాలుగో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.